సి సెక్షన్ పిల్లలకు ఒక లెక్కల మాస్టారి బహిరంగ లేఖ

పదో తరగతి సి సెక్షన్‌లో కూర్చున్న పిల్లలకు,

కొన్ని బళ్లలో దాన్ని సి సెక్షన్ అంటారు, కొన్నిచోట్ల సి గ్రూపు అంటారు, ఇంకొన్నిచోట్ల స్లో లెర్నర్స్ అంటారు. స్టాఫ్‌రూమ్‌లో మేము వాడే మాటలు ఇంకా ఉన్నాయి, అవి ఇక్కడ రాయలేను. పేరేదైనా మీరెవరో మీకు తెలుసు. అర్ధసంవత్సర పరీక్షల మార్కులు వచ్చాక హెడ్మాస్టరు గదిలో కూర్చుని మేము మిమ్మల్ని మూడు కుప్పలుగా పోస్తాం. మూడో కుప్ప మీరు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పదో తరగతి సి సెక్షన్ కనీసం పదిహేనుసార్లు నా చేతికి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మొదటి రోజు ఒకే మాట అన్నాను: "మీకు తొంభైలు అక్కర్లేదురా. ముప్పై అయిదు తెచ్చుకోండి చాలు. అదెలాగో నేను చెప్తా." ప్రేమగానే అన్నాను. పిల్లలు కూడా హమ్మయ్య అనుకుని నవ్వేవారు. ఇన్నేళ్ల తర్వాత ఆ మాట వెనక్కి తీసుకుందామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిందటి ఎండాకాలం మా డాబా మీద ఒక గది వేయించాను. పని ఒప్పుకున్న మేస్త్రీ నా దగ్గర చదివిన కుర్రాడే. "సార్, నేను మీ సి సెక్షన్" అని పరిచయం చేసుకున్నాడు. ఏ సంవత్సరం బ్యాచో చెప్పలేదు, ఎవరి అబ్బాయో చెప్పలేదు, సెక్షన్ చెప్పాడు.

గది పన్నెండు పదిహేను అడుగులు, అయిదంగుళాల స్లాబు. కాంక్రీటు ఎన్ని ఘనపుటడుగులు (సీఎఫ్టీ) పడుతుందో లెక్క వేద్దామని నేను జేబులో పెన్ను వెతుక్కుంటున్నాను. వాడు దారం చుట్టుకుంటూనే "డెబ్బై అయిదు సీఎఫ్టీ సార్, వేస్టేజీతో ఎనభై పెట్టుకుందాం" అన్నాడు. ఎలా చేశావురా అని అడిగాను. "వెడల్పు పన్నెండడుగులు. అడుగుకి పన్నెండంగుళాలు. ఆ పన్నెండూ ఈ పన్నెండూ కొట్టేస్తే మిగిలింది పదిహేను అయిదులు." నేను క్షేత్రమితి చెప్పినన్నాళ్లూ అంగుళాల్ని ముందు అడుగుల్లోకి మార్చి, దశాంశాల్లో పెట్టి, అప్పుడు గుణించమనేవాణ్ణి. ఇంత సులువు దారి నాకు తట్టలేదు.

మర్నాడు గోడల మూల సరిగ్గా ఉందో లేదో చూశాడు. ఒక గోడ వెంట మూడడుగుల దగ్గర గీత, రెండో గోడ వెంట నాలుగు అడుగుల దగ్గర గీత, ఆ రెంటికీ మధ్య అడ్డంగా టేపు పట్టి అయిదు వచ్చిందో లేదో చూసుకున్నాడు. "ఇది పైథాగరస్ సిద్ధాంతంరా!" అన్నాను మురిసిపోతూ. వాడు నవ్వాడు. "అవునా సార్? అది మాకు వదిలేయమన్నారు కదా."

నీకు పదిలో లెక్కలకి ఎన్నొచ్చాయని అడిగాను.

"ముప్పై ఆరు సార్. మీరు చెప్పినదానికంటే ఒకటి ఎక్కువే."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాస్తే అతిగా ఉంటుంది. పట్టింది. కానీ మర్నాటినుంచి వాడి ముందు కుర్చీ వేసుకుని కూర్చోబుద్ధి కాలేదు. మేస్త్రీ పని తక్కువదని నేననడం లేదు, వాడి సంపాదన నా పెన్షన్‌కి ఏమాత్రం తీసిపోదు. ఇంకో దారి ఉందేమో తొంగి చూసే వీలు కూడా లేకుండా వాడి పదిహేనో ఏట తలుపు వేసినవాణ్ణి నేను. అదీ నా బాధ.

ఇప్పుడు ఆ తలుపు ఎలా వేస్తామో చెప్తాను. మాలో ఎవరూ మీకు ఇది చెప్పరు.

సి సెక్షన్‌కి మేమిచ్చేదాన్ని పాస్ మెటీరియల్ అంటాం. గ్రాఫు, సరూప త్రిభుజం నిర్మాణం, మధ్యగతం, బాహుళకం, కాసిని ఒక మార్కు బిట్లు. వీటినే ఎందుకు ఏరతామంటే, అర్థం కాకపోయినా పదిసార్లు చేయిస్తే చెయ్యి అలవాటు పడుతుంది. వదిలేయమనేవి త్రికోణమితి, శ్రేఢుల్లో మాటల లెక్కలు, సిద్ధాంతాల నిరూపణలు. అంటే ఆలోచిస్తే తప్ప రానివన్నీ. తర్వాత మార్చిలో మీకు ఆలోచించే ప్రశ్నలు రాలేదని మేమే తలకొట్టుకుంటాం. "చూశారా, నేను ముందే చెప్పాను" అని స్టాఫ్‌రూమ్‌లో అనుకుంటాం. చెప్పని పాఠంలో ప్రశ్న రాకపోతే అది మీ తెలివి గురించి ఏం చెప్పినట్టు? లెక్కల మాస్టారినై ఉండి ఈ చిన్న తర్కం నాకు ముప్పై ఏళ్లు తట్టలేదు.

తట్టలేదని కూడా అనలేను. తట్టకుండా ఉండటానికి ఒక కారణం ఉంది. మమ్మల్ని మండల మీటింగులో అడిగేది ఉత్తీర్ణత శాతం. ముప్పై వచ్చే పిల్లవాణ్ణి ముప్పై అయిదుకి లాగితే శాతం పెరుగుతుంది. నలభై అయిదు వచ్చే పిల్లని డెబ్బై అయిదుకి తీసుకెళ్తే శాతం పిసరంత కూడా కదలదు. మొదటిదానికి అయిదు మార్కుల కష్టం, రెండోదానికి ముప్పై మార్కుల కష్టం. నా జీతంలో, పేరులో, హెడ్మాస్టరు నన్ను పలకరించే తీరులో ఏది లెక్కకొస్తుందో చెప్పండి. ముప్పై అయిదు అనేది మీ తలల్ని కొలిచి చెప్పిన సంఖ్య అనుకోకండి. మా రిజల్టు షీటుకి సరిపోయే సంఖ్య అది.

ఇంకో చిన్న ఉదాహరణ. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టారు. పది కాగానే చేరితే ఆరేళ్ల చదువు, ఇంటర్ లాంటి పీయూసీ రెండేళ్లు, నాలుగేళ్లు ఇంజినీరింగు. పల్లెటూరి పిల్లల కోసమే పెట్టినవి, సర్కారు బడి పిల్లలకు సీటులో కొంత అదనపు వెయిటేజీ కూడా ఇచ్చారు. ఆ నోటిఫికేషన్ వచ్చిన ప్రతి ఏడూ నేను ఏ సెక్షన్ బోర్డు మీద రాశాను. సి సెక్షన్ బోర్డు మీద ఒక్కసారీ రాయలేదు. రాస్తే సీటు వచ్చేదని కాదు. అలాంటి చోటొకటి ఉందని తెలిస్తే కొందరైనా ముప్పై అయిదు దగ్గర పెన్ను మూసేవాళ్లు కాదేమో.

స్టాఫ్‌రూమ్‌లో రోజుకొకసారైనా ఎవరో ఒకరు "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది" అంటారు. ఏ పువ్వండీ పరిమళించేది? మల్లె మొగ్గకి వాసన ఎంత ఉంటుంది? సాయంత్రం విచ్చుకున్నాకే కదా వీధంతా తెలిసేది. పొద్దున పది గంటలకి పందిరి దగ్గర నిలబడి, వాసన లేదని రాసుకుని పోయేవాళ్లం మేము.

అమెరికాలో రాబర్ట్ రోజెంతాల్ అనే సైకాలజిస్టు, లెనోర్ జేకబ్సన్ అనే బడి ప్రిన్సిపాల్ కలిసి కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఒక పని చేశారు. పిల్లలకు పరీక్ష పెట్టి, ప్రతి క్లాసులో కొందరి పేర్లు టీచర్లకిచ్చి, వీళ్లు ఈ ఏడాది బాగా పైకొస్తారని పరీక్ష చెబుతోందన్నారు. నిజానికి ఆ పేర్లు చీట్లు తీసినట్టు తీసినవే. ఏడాది చివర మళ్లీ పరీక్ష పెడితే, ఒకటి, రెండు తరగతుల్లో ఆ పేర్లున్న పిల్లలు మిగతావాళ్లకంటే బాగా ముందుకెళ్లారు. 1968లో దీన్ని పుస్తకంగా వేశారు. బీఈడీ చదివిన ప్రతి టీచరూ ఈ సంగతి పరీక్షలో రాసి పాసైనవాళ్లే. నేనూ రాశాను.

మాకు బీఈడీలో గట్టిగా చెప్పని సగం ఇంకొకటుంది. పై తరగతుల పిల్లల్లో ఆ తేడా పెద్దగా కనపడలేదు. తర్వాత ఎంతోమంది ఆ లెక్కల్ని తప్పుపట్టారు, టీచరు అంచనా ప్రభావం మొదట చెప్పినంత పెద్దది కాదన్నారు. దీన్ని చాలామంది ఆ ప్రయోగం తేలిపోయిందన్నట్టు చెబుతారు. నాకు మాత్రం మీ తరపున ఇది మంచి కబురు. మీకు ఆరేళ్లు కాదు, పదిహేనేళ్లు. మా అంచనా మీమీద మంత్రంలా పనిచేయదు. మీరు కాదంటే చాలావరకు పనిచేయదు.

మంత్రం కాకపోతే మరేమిటి? అది కూడా 1970లో జెరె బ్రోఫీ, థామస్ గుడ్ అనే ఇద్దరు ఒకటో తరగతి గదుల్లో కూర్చుని గమనించారు. బాగా చదువుతారనుకున్న పిల్లలు జవాబు దగ్గర తడబడితే టీచరు ప్రశ్నని తిప్పి వేస్తారు, చిన్న ఆధారం అందిస్తారు. చదవరనుకున్న పిల్లలు తడబడితే వదిలేసి ముందుకు పోవడం ఎక్కువ. వాళ్లు సరిగ్గా చెప్పినప్పుడు కూడా మెచ్చుకోవడం తక్కువ. ఇది చదివినప్పుడు నాకు నా క్లాసే కనిపించింది. ఏ సెక్షన్‌లో "ఆలోచించు, ఆలోచించు, దగ్గరకొచ్చావు" అనేవాణ్ణి. సి సెక్షన్‌లో "సరే కూర్చో, నెక్స్ట్" అనేవాణ్ణి. మీకు దక్కకుండా పోయింది ఆ పది క్షణాలు. అలాంటి పది క్షణాలు ఏడాదికి ఎన్ని వందలు పోయాయో.

ఇంకో మాట మెల్లగానైనా చెప్పాలి. సి సెక్షన్ హాజరు పట్టీ తీసి పేర్లు చదివితే ఏ వాడల పిల్లలు, ఏ తండాల పిల్లలు ఎక్కువగా ఉంటారో ఊళ్లో అందరికీ తెలుసు. ఉత్తరప్రదేశ్‌లో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఆర్థిక శాస్త్రవేత్తలు పల్లెటూరి బళ్లలో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు 642 మందితో కాగితం మీద దారి కనుక్కునే చిక్కు బొమ్మలు చేయించారు. సగంమంది పై కులాలవాళ్లు, సగంమంది దళితులు. కులం ఊసెత్తనప్పుడు ఇద్దరూ ఒకేలా చేశారు. అందరి ముందూ పేరు, ఊరు, కులం చదివి మొదలుపెట్టించినప్పుడు దళిత పిల్లలు బాగా వెనకబడ్డారు. అవే బొమ్మలు, అలాంటి పిల్లలే. మధ్యలో మారిందల్లా ఒక పెద్దమనిషి గట్టిగా చదివిన ఒక్క మాట. మేము సెక్షన్ పేరుతో రోజూ పొద్దున హాజరు పిలుస్తూ చదివేది అలాంటిదే కదా అని నా అనుమానం.

ఇలాంటి ఉత్తరాల్లో ఈపాటికి మాలావత్ పూర్ణ పేరు రావాలి. వస్తోంది. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది, 25 మే 2014న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా అప్పుడే ఎక్కాడు. పటాలు కట్టి గోడకి తగిలించి, పిల్లలూ, ఈమెలా పట్టుదల ఉండాలి అని మేము ఉపన్యాసం ఇస్తాం. పట్టుదల ఉంది, కాదనను. కానీ ఆ పిల్లలకి ముందు భువనగిరి గుట్ట మీద తాళ్లు పట్టుకోవడం నేర్పారు. తర్వాత డార్జిలింగ్ పంపారు, లద్దాఖ్ చలిలో ఉంచారు, బూట్లిచ్చారు, ఆక్సిజనిచ్చారు. ఎవరెస్టు ఎక్కగలరని నమ్మినవాళ్లు నమ్మకంతో ఊరుకోకుండా ఎక్కడానికి కావలసిందంతా నేర్పారు. మేము మీకు పూర్ణ ఫోటో చూపించి చేతిలో బిట్ పేపరు పెడుతున్నాం.

మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ సంగతి కూడా అలాంటిదే. పుట్టుకతో చూపు లేదు. పదిలో తొంభై శాతం పైన తెచ్చుకున్నా, చూపు లేనివాళ్లకి సైన్సు గ్రూపు ఇవ్వబోమన్నారు. కోర్టుకెళ్లాడు. నెలలు పట్టింది, గెలిచాడు. గెలిస్తే సరిపోయిందా? కళ్లతో చదవాల్సిన పుస్తకాలని ఎవరో ఒకరు చదివి వినిపించాలి. ఒక టీచరు పాఠాలన్నీ చదివి రికార్డు చేసిపెట్టారు. వాటిని విని పన్నెండో తరగతిలో తొంభై ఎనిమిది శాతం తెచ్చుకున్నాడు. అమెరికా వెళ్లి ఎంఐటీలో చదివాడు, తిరిగొచ్చి 2012లో హైదరాబాదులో కంపెనీ పెట్టాడు. మీకొద్దు అన్నవాళ్ల మాట వినకపోవడం ఆ కథలో మొదటి భాగమే. వద్దన్న పాఠాన్ని ఏదో ఒక దారిన చెవిలో వేసుకోవడం రెండోది. నేను మీతో మాట్లాడదలచుకున్నది ఆ రెండో భాగం గురించి.

అంతకుముందు ఒక నిజం చెప్పాలి, లేకపోతే ఇంకోరకంగా మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది. మీలో చాలామంది లెక్కల్లో నిజంగానే వెనకబడి ఉన్నారు. భిన్నాలు కూడటం రాదు, మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ఏమవుతుందో తడబడతారు. అది మా ఊహ కాదు. పత్తి ఏరే రోజుల్లో, మిరప కోతల్లో బడి మానేసి ఉంటారు, తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయి ఉంటారు, ఆరో తరగతిలో ఏడాదంతా లెక్కల టీచరే లేకపోయి ఉండొచ్చు. కానీ వెనకబడి ఉన్నారనడం వేరు, అక్కడే ఉండిపోతారనడం వేరు. మొదటిది మీ నోట్సు చూసి చెప్పొచ్చు. రెండోది చెప్పే హక్కు ఎవరికీ లేదు, మాకసలే లేదు. మేము రెండో మాటని మొదటి మాటలా చెబుతుంటాం, మీరు రెంటినీ కలిపి మింగేస్తుంటారు.

ఎవరైనా "నీకు రాదు" అంటే ఏడవకండి, పౌరుషానికి పోయి గోడ మీద తొంభై అయిదు అని కూడా రాసుకోకండి. ఏది రాదంటున్నారో అడగండి. "లెక్కలు రావు" అన్నది జవాబు కాదు. "భిన్నాలు రావు" అన్నది జవాబు. భిన్నాలకి ఆరో తరగతి పుస్తకం ఉంది. పదో తరగతిలో కూర్చుని ఆరో తరగతి పుస్తకం తెరవడం సిగ్గనుకుంటారు. అట్టకి న్యూస్ పేపరు వేసుకోండి, ఎవరికీ కనపడదు.

ఇంకోటి. మీ లెక్కల పుస్తకం మూసి, పక్కనుంచి చూడండి. కొంత భాగం చేతి మట్టితో నల్లబడి ఉంటుంది, కొంత భాగం కొన్ననాటి తెల్లదనంతో ఉంటుంది. ఆ నలుపు మేము చెప్పిన పాస్ మెటీరియల్. ఆ తెలుపు మీరు వదిలేయమన్నామని వదిలేసిన భాగం. మా అంచనా మీ చేతిలో కనిపించేది అక్కడే. ఆ తెల్ల భాగంలోకి వెళ్లండి. పాఠం మొత్తం అక్కర్లేదు, మొదటి రెండు పేజీలు చాలు. అర్థం కాకపోతే క్లాసులో లేచి అడగండి. "అది మీకొద్దు" అంటారు. నేనూ అన్నాను. రెండోరోజు మళ్లీ అడగండి. నా అనుభవంలో మూడోసారి అడిగిన పిల్లకి వద్దని చెప్పే టీచరు లేడు, ఉన్నా సిగ్గుపడి చెబుతాడు. నా ముప్పై ఒక్క ఏళ్లలో అలా మూడుసార్లు అడిగినవాళ్లు నాకు ఇద్దరే గుర్తున్నారు, ఇద్దరూ ఆడపిల్లలే.

వదిలేసిన త్రికోణమితి మొదటి పేజీ ఎలా ఉంటుందో ఒక ముక్క ఇక్కడే చెప్పేస్తాను. మీ బడి జెండా కర్ర ఎత్తు కనుక్కోండి, ఎక్కకుండా. ఎండ కాసే రోజు ఒక స్నేహితుణ్ణి నిలబెట్టి వాడి నీడని మధ్యమధ్య కొలుస్తూ ఉండండి. పొద్దెక్కుతుంటే నీడ తగ్గుతూ వస్తుంది. వాడి నీడ సరిగ్గా వాడి ఎత్తుకి సమానమయ్యే క్షణం ఒకటి వస్తుంది. వెంటనే పరుగెత్తి జెండా కర్ర నీడ కొలవండి. అదే జెండా కర్ర ఎత్తు. ఆ క్షణంలో ఎండ 45 డిగ్రీల కోణంలో పడుతోంది. ఎత్తుని నీడతో భాగిస్తే వచ్చేదాన్నే టాన్ అంటారు, టాన్ 45 విలువ ఒకటి. అంతే పాఠం. మిగతా కోణాలకి ఆ ఒకటికి బదులు వేరే సంఖ్యలు వస్తాయి. ఇందులో మీకు రానిదేదో నాకైతే కనపడలేదు. ఇన్నేళ్లు ఎందుకు వద్దన్నానో కూడా నాకు అర్థం కాలేదు.

టీచర్లెవరైనా ఇది చదువుతుంటే కోప్పడకండి. సిలబస్, యాప్‌లు, రిపోర్టులు, ఎన్నికల డ్యూటీలు, ఆ టెన్షన్ అంతా నాకు తెలుసు. వచ్చే నోటిఫికేషన్ సి సెక్షన్ బోర్డు మీద కూడా రాయండి. రెండు నిమిషాలు పడుతుంది.

మా ఊరి పిల్లలైతే సాయంత్రం అయిదున్నర దాటాక నేను గ్రంథాలయం అరుగు మీదే ఉంటాను. గైడు తేవద్దు, పుస్తకం తెండి, ఆరో తరగతిది కూడా తెండి. మేస్త్రీ కుర్రాడు ఆదివారాలు వస్తానన్నాడు. క్షేత్రమితి వాడు చెబుతాడు.

ఇట్లు,
మీ లెక్కల మాస్టారు